ముందు బ్యాంకు, తర్వాతే ప్రయోగం: జంతు కణాల కల్చర్ మొదలుపెట్టడం ఎలా

కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లు చాలామంది కణాలు చేతికొచ్చిన వారానికే 96 గుంతల ప్లేటు ముందేసుకుని, ఏదో ఆకు సారం పోసి, ఎంటీటీ పరీక్ష (బతికున్న కణాల్ని రంగుతో కొలిచేది) పెట్టేస్తారు. రెండు మూడు నెలలు గడిచాక ఓ సోమవారం పొద్దున ఇంక్యుబేటర్ తెరిస్తే ఫ్లాస్కులో బూజు కనిపిస్తుంది. ఉన్నదల్లా ఆ ఒక్క ఫ్లాస్కే. మళ్లీ ఆర్డర్ పెట్టాలి, అవి వచ్చేదాకా ఆగాలి, వచ్చినవి పాతవాటిలాగే ప్రవర్తిస్తాయన్న హామీ కూడా లేదు. అందుకే ఇక్కడ చెప్పే వరస వేరు. కణాలు రాగానే పెంచండి, పెరిగినవాటిని ఫ్రీజ్ చేసి దాచండి (బ్యాంకు అంటే ఇదే), దాచినవాటిలో ఒక వైల్ (చిన్న మూత గొట్టం) కరిగించి బతికాయో లేదో చూడండి. ఎంటీటీ ఆ తర్వాత. దీనికి దాదాపు నెల పడుతుంది. గైడు తొందరపెట్టినా ఆ నెల వదులుకోకండి.

కింది కొలతలన్నీ ఫ్లాస్కు అడుగుకి అతుక్కుని పెరిగే సెల్ లైన్లకు (ల్యాబులో ఎన్నాళ్లైనా పెంచుకోగల ఒకే రకం కణాలకు), ముఖ్యంగా హీలా, హెక్ 293 అనే మనిషి కణాలకు సరిపోతాయి. రక్త కణాల్లా తేలుతూ పెరిగేవాటికి ట్రిప్సిన్ (అతుక్కున్న కణాల్ని ఊడదీసే ఎంజైమ్) పనే ఉండదు, వాటి సంగతి వేరు.

కణాలు ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి

మన యూనివర్సిటీ ల్యాబులు ఎక్కువగా పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ భాండాగారం నుంచి తెప్పించుకుంటాయి. పక్క ల్యాబులో ఒక ఫ్లాస్కు అడిగి తెచ్చుకోవడం తేలికే, డబ్బూ మిగులుతుంది. కానీ ఆ ఫ్లాస్కు మీద రాసి ఉన్న పేరే లోపలి కణాలదని ఎవరూ చెప్పలేరు. హీలా కణాలు 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో హెన్రియెటా లాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి వచ్చాయి. అవి ఎంత జోరుగా పెరుగుతాయంటే, ఒకే పిపెట్ వాడినందుకు పక్క ఫ్లాస్కులో ఒక్క కణం పడినా కొన్ని పాసేజీల్లో (కణాల్ని కొత్త ఫ్లాస్కులోకి మార్చే విడతల్లో) ఆ ఫ్లాస్కును అవే ఆక్రమిస్తాయి. రకరకాల పేర్లతో చలామణీ అవుతున్న ఎన్నో సెల్ లైన్లు నిజానికి హీలాయేనని 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ జీ6పీడీ ఎంజైమ్ రకాన్ని బట్టి చూపించాడు. ఆ తలనొప్పి ఇప్పటికీ తీరలేదు. మీరు వాడబోయే లైన్ పేరు ఐక్లాక్ సంస్థ ఉచితంగా ప్రచురించే తప్పు గుర్తింపుల జాబితాలో ఉందేమో ముందే వెతకండి. పక్క ల్యాబు నుంచి తెచ్చుకోక తప్పకపోతే మొదట్లోనే ఎస్టీఆర్ ప్రొఫైల్ (డీఎన్‌ఏతో లైన్‌ని గుర్తించే పరీక్ష) చేయించండి. నమోదైన ప్రొఫైల్‌తో 80 శాతానికి పైగా కలిస్తే అదే లైన్ అని లెక్క. పేపర్ పంపినప్పుడు చాలా జర్నల్స్ దీన్నే అడుగుతాయి.

కొరియర్‌లో వచ్చే ఫ్లాస్కు సాధారణంగా మెడ దాకా మీడియాతో (కణాలు పెరిగే పోషక ద్రవంతో) నిండి ఉంటుంది. లోపల గాలి ఉంటే దారి పొడుగునా నురగ వచ్చి కణాలు ఊడిపోతాయి కాబట్టి అలా నింపుతారు. రాగానే మూత తీయకండి. పైన ఆల్కహాల్‌తో తుడిచి, మైక్రోస్కోప్ కింద చూసి, మూత అలాగే ఉంచి ఇంక్యుబేటర్‌లో రెండు మూడు గంటలు పడుకోబెట్టండి. తర్వాత హుడ్‌లో (కింద చెప్పే బయోసేఫ్టీ క్యాబినెట్‌లో) మీడియా తీసేసి 5 మి.లీ. మాత్రం మిగల్చండి. తీసిన మీడియా పారబోయకండి. అందులో ఊడిన కణాలు చాలా ఉంటే సెంట్రిఫ్యూజ్ చేసి ఇంకో ఫ్లాస్కులో వేసుకోవచ్చు. అది కణాలకు అలవాటైన మీడియా కూడా, మొదటి వారం మీ మీడియాతో సగం సగం కలిపి ఇస్తే కణాలకు మార్పు తెలియదు.

గది, హుడ్, ఇంక్యుబేటర్

మనిషి కణాలతో పనికి క్లాస్ టూ బయోసేఫ్టీ క్యాబినెట్ కావాలి. టిష్యూ కల్చర్ మొక్కలకు వాడే అడ్డం గాలి లామినార్ ఫ్లో కణాల్ని కాపాడుతుంది గానీ గాలి నేరుగా మీ ముఖం మీదికి కొడుతుంది. హీలాలో మనిషి పాపిలోమా వైరస్ 18 జన్యువులు, హెక్ 293లో అడినోవైరస్ 5 జన్యు ముక్కలు ఉన్నాయి. కాబట్టి ఇవి బీఎస్ఎల్-2 (బయోసేఫ్టీ లెవెల్ 2) స్థాయి పని.

హుడ్ మోటారు వేశాక 10-15 నిమిషాలు ఆగి పని మొదలుపెట్టండి. ముందు జాలీ మీద నోటుబుక్కు, టిష్యూ డబ్బా, మోచెయ్యి ఏదీ పెట్టొద్దు. గాలి తెర తెగేది అక్కడే. యూవీ లైటు మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. వెలుగు పడని మూలల్ని అది ఏమీ చేయలేదు, ట్యూబు పాతబడితే నీలంగా వెలుగుతూనే పని మానేస్తుంది. నిజంగా పనిచేసేది 70 శాతం ఆల్కహాల్‌తో తుడవడమే. 95 శాతం ఇథనాల్ ఉంటే 737 మి.లీ. తీసుకుని నీళ్లతో లీటరు చేయండి. ఘాటు ఎక్కువైతే బాగా చంపుతుందనుకుని నేరుగా 95 శాతమే చల్లేవాళ్లున్నారు. ప్రొటీన్లు విరగాలంటే నీళ్లు కావాలి, పైగా అది తుడిచేలోపే ఆరిపోతుంది.

ఇంక్యుబేటర్ 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. కింది ట్రేలో ఆటోక్లేవ్ చేసిన డిస్టిల్డ్ వాటర్ పోసి, వారానికోసారి మార్చండి. కుళాయి నీళ్లు పోస్తే తెల్లటి పొర కడుతుంది. బ్లీచ్ కలిపితే క్లోరిన్ స్టీలును తినేస్తుంది. ట్రే ఎండిపోతే ఫ్లాస్కుల్లో మీడియా ఆవిరై చిక్కబడుతుంది. ప్లేటు అంచు గుంతల్లో మాత్రమే కణాలు చచ్చిపోతున్నాయంటే ముందు అనుమానించాల్సింది ఈ ట్రేనే.

మన దగ్గర వేసవిలో ఇంకో చిక్కుంది. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేయగలదే గానీ చల్లబరచలేదు. గది కనీసం నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉంటేనే అది 37 దగ్గర నిలబడుతుంది. మే నెలలో గుంటూరులోనో ఖమ్మంలోనో ఏసీ ఆగిపోయి గది 36 దాటితే లోపల 39, 40 అవుతుంది. కణాలు 35ను ఓర్చుకుంటాయి, 40ని ఓర్చుకోవు. కాబట్టి జనరేటర్ లైను ఇంక్యుబేటర్‌కి ఒక్కదానికే కాదు, కల్చర్ రూమ్ ఏసీకి కూడా ఉందో లేదో చూసుకోండి. కరెంటు పోయి మనుషులు అందుబాటులో లేనప్పుడు తలుపు మాటిమాటికీ తెరిచి చూడటం కంటే మూసి ఉంచడమే మేలు.

గ్యాస్ సిలిండర్ మీటరుని నమ్మకండి. కార్బన్ డయాక్సైడ్ లోపల ద్రవంగా ఉంటుంది. ద్రవం అయిపోయేదాకా ముల్లు ఒకేచోట ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. వంటగ్యాస్ సిలిండర్‌లాగే బరువు చూసుకోవడమే దారి. నిండు సిలిండర్ ఒకటి పక్కన గొలుసేసి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

అట్టపెట్టెలు కల్చర్ రూమ్‌లోకి రానివ్వకండి. జూలై, ఆగస్టుల్లో వచ్చే బూజు బీజాలకు అట్టే ఇల్లు. పెట్టెలు బయటే విప్పి, లోపలి ప్యాకెట్లు తుడిచి తెండి. దోసెపిండి, పెరుగు కలిపిన చేతులు ఉత్త శానిటైజర్‌తో కాదు, సబ్బుతో కడుక్కుని గ్లోవ్స్ వేసుకోండి.

మీడియా కలపడం

500 మి.లీ. డీఎంఈఎం (తయారుగా దొరికే మూల మీడియా) సీసా నుంచి 55 మి.లీ. తీసి పక్కన పెట్టండి. దాని స్థానంలో 50 మి.లీ. ఎఫ్‌బీఎస్ (ఆవు పిండం సీరం), 5 మి.లీ. పెన్-స్ట్రెప్ (యాంటీబయాటిక్ మిశ్రమం, వంద రెట్ల గాఢత ఉన్నది) వేయండి. దీంతో సీరం 10 శాతం, పెన్సిలిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లు, స్ట్రెప్టోమైసిన్ 100 మైక్రోగ్రాములు అవుతాయి. సీసా మీద కలిపిన తేదీ, లైన్ పేరు రాయండి. ఒక్కో లైన్‌కు ఒక్కో సీసా. ఈ ఒక్క నియమమే హీలా పక్క ఫ్లాస్కుల్లోకి పాకకుండా ఆపుతుంది.

పొడి నుంచి చేసుకునే ల్యాబులు లీటరుకు 3.7 గ్రాముల సోడియం బైకార్బొనేట్ కలిపి, పీహెచ్ 7.2 దగ్గర సరిచేసి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టాలి. 7.4కి కాకుండా 7.2కి ఎందుకంటే, వడకట్టేటప్పుడు గ్యాసు పోయి పీహెచ్ 0.1-0.3 దాకా పెరుగుతుంది. ఈ మీడియాని ఆటోక్లేవ్ చేయకూడదు. గ్లుటమిన్ విరిగిపోతుంది, విటమిన్లు పాడవుతాయి. గ్లుటమిన్ ఫ్రిజ్‌లో ఉన్నా నెమ్మదిగా విరిగి అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. కలిపి ఆరు వారాలు దాటిన సీసాతో కణాలు నీరసంగా ఉంటే 200 మిల్లీమోలార్ గ్లుటమిన్ 5 మి.లీ. చేర్చి చూడండి.

సీరం సీసాని ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా వేడినీళ్లలో పెట్టకండి. రాత్రంతా ఫ్రిజ్‌లో, తర్వాత బయట, మధ్యమధ్య మెల్లగా తిప్పుతూ కరిగించండి. అడుగున కనిపించే తెల్లటి తునకలు ఎక్కువగా ఫైబ్రిన్, బూజు కాదు, కణాలకు హాని లేదు. 45 మి.లీ. చొప్పున 50 మి.లీ. ట్యూబుల్లో పంచి మళ్లీ ఫ్రీజ్ చేసుకుంటే ప్రతిసారీ కరిగించి గడ్డకట్టించే బెడద పోతుంది. కొత్త బ్యాచ్ సీరం వచ్చినప్పుడు పాతదీ కొత్తదీ పక్కపక్కన వారం పెంచి చూశాకే ఎక్కువ సీసాలు కొనండి.

మీడియా రంగు చూడటం అలవాటు చేసుకోండి. అందులోని ఫీనాల్ రెడ్ పీహెచ్ 7.4 దగ్గర నారింజ ఛాయ ఎర్రగా, ఆమ్లం పెరిగితే పసుపుగా, క్షారం పెరిగితే వంకాయ గులాబీగా మారుతుంది. నిండిన ఫ్లాస్కు మూడో రోజు పసుపెక్కడం మామూలే. నిన్న వేసిన పల్చని ఫ్లాస్కు ఈరోజు పసుపైతే బాక్టీరియా. ఇంక్యుబేటర్‌లోనే గులాబీగా ఉంటే సిలిండర్ ఖాళీ, లేదంటే మూత బిగుసుకుని గ్యాస్ లోపలికి పోవడం లేదు.

వైల్ కరిగించడం

నెమ్మదిగా గడ్డకట్టించాలి, వేగంగా కరిగించాలి. కల్చర్‌లో చాలామంది దీన్ని తిరగేస్తారు.

ముందు అంతా సిద్ధం చేసుకోండి: 15 మి.లీ. ట్యూబులో 9 మి.లీ. వెచ్చటి మీడియా, పేరు రాసిన టీ25 (అడుగు 25 చదరపు సెం.మీ.) ఫ్లాస్కు, వాటర్ బాత్ 37 డిగ్రీలు. ముఖానికి షీల్డ్, చేతికి మందపాటి గ్లోవ్స్ వేసుకుని వైల్ తీయండి. ద్రవ నైట్రోజన్‌లో మునిగి ఉన్న వైల్‌లోకి ఒక్కోసారి నైట్రోజన్ దూరుతుంది. వెచ్చబడగానే అది ఆవిరై వైల్ పేలుతుంది. కళ్లకు షీల్డ్ లేకుండా ఈ పని చేయొద్దు.

వైల్‌ని నీళ్లలో మూత మునగకుండా పట్టుకుని తిప్పండి. నిమిషం, నిమిషంన్నర చాలు. లోపల శనగగింజంత మంచు మిగిలినప్పుడే బయటికి తీసి, ఆల్కహాల్‌తో తుడిచి హుడ్‌లోకి తీసుకెళ్లండి. పూర్తిగా కరిగేదాకా ఆగితే గది వేడిలో డీఎంఎస్‌ఓ (గడ్డకట్టేటప్పుడు కణాల్ని కాపాడటానికి కలిపిన ద్రవం) కణాల్ని చంపడం మొదలుపెడుతుంది. లోపలి 1 మి.లీ.ని 9 మి.లీ. మీడియాలోకి చుక్కలు చుక్కలుగా, ట్యూబుని కదుపుతూ వేయండి. ఒక్కసారిగా వేస్తే నీళ్లు లోపలికి దూసుకొచ్చి కణాలు పగులుతాయి. 200 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి, పైది తీసేసి, పెల్లెట్‌ని (అడుగున చేరిన కణాల ముద్దని) 5 మి.లీ. మీడియాలో కలిపి ఫ్లాస్కులో పోయండి.

సెంట్రిఫ్యూజ్ ఆర్‌పీఎం మాత్రమే చూపిస్తే లెక్క ఇది: జీ = 0.00001118 × రోటర్ వ్యాసార్ధం (సెం.మీ.) × ఆర్‌పీఎం × ఆర్‌పీఎం. 15 సెం.మీ. రోటర్‌కి 200 జీ అంటే సుమారు 1,100 ఆర్‌పీఎం. వేరే ల్యాబు ప్రొటోకాల్‌లో 1,500 ఆర్‌పీఎం అని ఉంటే అది వాళ్ల రోటర్‌కి సంబంధించిన అంకె, మీకు పనికిరాదు.

మర్నాడు మైక్రోస్కోప్ కింద చూస్తే కొన్ని అతుక్కుని, కొన్ని గుండ్రంగా తేలుతూ కనిపిస్తాయి. తేలేవి ఎక్కువగా చచ్చినవే. మీడియా మార్చి అవి పోనివ్వండి. మొదటి రోజే ఫ్లాస్కు పారేయకండి, మూడో రోజు దాకా చూడండి.

పాసేజ్

ఫ్లాస్కు అడుగు 80 శాతం నిండినప్పుడు స్ప్లిట్ చేయాలి (కణాల్ని పంచి కొత్త ఫ్లాస్కులో వేయాలి). నూరు శాతం నిండి రెండు రోజులైన కణాలు బతికే ఉంటాయి గానీ విభజన ఆపి ఉంటాయి, స్ప్లిట్ చేశాక రెండు రోజులు అలిగి కూర్చుంటాయి. హీలా దాదాపు రోజుకోసారి రెట్టింపవుతుంది కాబట్టి సోమ, గురువారాలు 1:4 లేదా 1:5 స్ప్లిట్ కుదురుతుంది. టీ25కి వరస ఇది:

1. మీడియా, పీబీఎస్ (కణాలు కడిగే ఉప్పు ద్రావణం), ట్రిప్సిన్ వెచ్చబెట్టండి. ట్రిప్సిన్‌ని 37 డిగ్రీల్లో అరగంటకు మించి ఉంచొద్దు, అది తనను తానే తినేస్తుంది.
2. పాత మీడియా తీసేయండి. కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్ 3 మి.లీ. కణాల మీద కాకుండా ఎదురుగోడ మీద పోసి, ఊపి, తీసేయండి. సీరం చుక్క మిగిలినా అందులోని నిరోధకాలు ట్రిప్సిన్‌ని ఆపేస్తాయి. పది నిమిషాలైనా కణాలు ఊడలేదన్న ఫిర్యాదుల్లో సగానికి కారణం ఇలా సరిగ్గా కడగకపోవడమే.
3. 0.25 శాతం ట్రిప్సిన్-ఈడీటీఏ 0.5 నుంచి 1 మి.లీ. వేసి, అడుగంతా తడిసేలా వంచి, 37 డిగ్రీల్లో 2-3 నిమిషాలు ఉంచండి. ప్రతి నిమిషం మైక్రోస్కోప్ కింద చూడండి. కణాలు గుండ్రబడి, ఫ్లాస్కు వంచితే ఇసుకలా జారితే చాలు.
4. వెంటనే 4 మి.లీ. మీడియా పోయండి, అందులోని సీరం ట్రిప్సిన్‌ని ఆపుతుంది. 5 మి.లీ. పిపెట్‌తో అడుగు మీదికి కొడుతూ ఎనిమిది పది సార్లు లాగి వదలండి. నురగ రానీయకండి.
5. 1:5 అయితే 1 మి.లీ. కొత్త ఫ్లాస్కులోకి, 4 మి.లీ. తాజా మీడియా. పాసేజ్ సంఖ్య ఒకటి పెంచి రాయండి.

ఫ్లాస్కుని అరచేతికేసి గట్టిగా కొట్టి కణాలు ఊడదీయడం కొన్ని ల్యాబుల్లో ఆచారం. కొట్టి ఊడదీస్తే గుత్తులుగా ఊడతాయి, ఆ గుత్తులు తర్వాత లెక్కకూ ట్రాన్స్‌ఫెక్షన్‌కూ (కణాల్లోకి బయటి డీఎన్‌ఏ ఎక్కించడానికీ) అడ్డు. ఓ నిమిషం ఎక్కువ ఆగండి చాలు. అలాగని పావుగంట వదిలేస్తే ట్రిప్సిన్ కణం పైపొర ప్రొటీన్లను కోసేస్తుంది. హెక్ 293 సంగతి వేరే, అది సరిగ్గా అతుక్కోదు. గది వేడిలోనే నిమిషంలో ఊడుతుంది, పీబీఎస్ జోరుగా పోసినా పొరలు పొరలుగా లేచిపోతుంది. దానికి ట్రిప్సిన్‌ని పీబీఎస్‌తో ఐదు రెట్లు పలచన చేసినా సరిపోతుంది.

లెక్కపెట్టడం

20 మైక్రోలీటర్ల కణాలు, 20 మైక్రోలీటర్ల 0.4 శాతం ట్రిపాన్ బ్లూ కలిపి, రెండు మూడు నిమిషాల్లో లెక్కపెట్టండి. ఆలస్యమైతే బతికున్నవి కూడా రంగు తాగుతాయి. హీమోసైటోమీటర్ (కణాలు లెక్కపెట్టే గళ్ల గాజు పలక) మూల గడి ఒక్కొక్కటి 1 మి.మీ. పొడవు, 1 మి.మీ. వెడల్పు, 0.1 మి.మీ. లోతు. అంటే మిల్లీలీటరులో పదివేలో వంతు. పై గీత, ఎడమ గీత మీద పడ్డవాటిని లెక్కలోకి తీసుకుని, కింది గీత, కుడి గీత మీదివాటిని వదిలేయండి. ఏది తీసుకున్నా ఫరవాలేదు, రోజూ ఒకటే పాటించాలి.

నాలుగు మూలల్లో తెల్లగా 41, 38, 45, 36 ఉన్నాయనుకోండి. మొత్తం 160, సగటు 40. రంగుతో రెండింతలు పలచన చేశాం కాబట్టి 40 × 2 × 10,000 = మి.లీ.కి 8 లక్షలు. నీలంగా ఉన్నవి ఆరు అయితే బతుకు శాతం 160/166, అంటే 96. ఇప్పుడు ఆరు గుంతల ప్లేటులో గుంతకి 3 లక్షలు, 2 మి.లీ.లో కావాలి. ఆరింటికి 12 మి.లీ., పిపెట్‌లో పోయేదానికి ఇంకో 2, మొత్తం 14 మి.లీ. మి.లీ.కి లక్షన్నర చొప్పున 21 లక్షలు కావాలి. 21ని 8తో భాగిస్తే 2.6 మి.లీ. కణాలు, మిగతా 11.4 మి.లీ. మీడియా. గుంతల్లో పోశాక ప్లేటుని గుండ్రంగా తిప్పకండి, కణాలన్నీ మధ్యకి చేరతాయి. ముందుకీ వెనక్కీ, తర్వాత ఎడమకీ కుడికీ జరపండి. గడిలో సగటు 20కి తక్కువైనా 100 దాటినా ఆ లెక్క నమ్మదగింది కాదు, గాఢత సరిచేసి మళ్లీ పెట్టండి.

బ్యాంకు

రెండు టీ75 ఫ్లాస్కులు పెంచండి, ఒక్కోదాంట్లో 12-15 మి.లీ. మీడియా. 70-80 శాతం నిండి, జోరుగా పెరుగుతున్నప్పుడే ఫ్రీజ్ చేయాలి. నిండిపోయి అలిసిన కణాల్ని దాస్తే అలిసినవే తిరిగొస్తాయి. ముందురోజు మీడియా మార్చండి. రెండింటి నుంచి కోటికి తక్కువ కాకుండా కణాలు వస్తాయి, వైల్‌కి 10 లక్షల చొప్పున పది వైల్స్.

ఫ్రీజింగ్ మీడియా: 9 మి.లీ. ఎఫ్‌బీఎస్‌లో 1 మి.లీ. డీఎంఎస్‌ఓని చుక్కలుగా కలిపి, కలిసేటప్పుడు వచ్చే వేడి పోయేలా 4 డిగ్రీలకు చల్లార్చండి. సీరం ధర భారమైతే 70 శాతం మీడియా, 20 శాతం సీరం, 10 శాతం డీఎంఎస్‌ఓ కూడా హీలాకి సరిపోతుంది. డీఎంఎస్‌ఓ 18 డిగ్రీల చుట్టూ గడ్డకడుతుంది కాబట్టి ఏసీ గట్టిగా వేసిన గదిలో సీసా రాయిలా కనిపిస్తే కంగారుపడొద్దు. దాన్ని మామూలు సెల్యులోజ్ ఎసిటేట్ ఫిల్టర్‌తో వడకట్టకండి, ఫిల్టర్ పొర అందులో కరిగిపోతుంది. కల్చర్ గ్రేడ్ సీసా కొనడమే నయం.

కణాల్ని ట్రిప్సిన్‌తో తీసి, లెక్కపెట్టి, 200 జీలో తిప్పి, పెల్లెట్‌ని చల్లటి ఫ్రీజింగ్ మీడియాలో కలిపి, వైల్‌కి 1 మి.లీ. పోయండి. కలిపిన దగ్గర్నుంచి ఫ్రీజర్‌లో పెట్టేదాకా పది నిమిషాలు దాటకూడదు. అందుకే వైల్స్ మీద రాత ముందే పూర్తవ్వాలి: లైన్, పాసేజ్, తేదీ, కణాల సంఖ్య, మీ పొడి అక్షరాలు. మామూలు మార్కర్ రాత ఆల్కహాల్ తగలగానే చెరిగిపోతుంది, క్రయో లేబుల్ వాడండి.

చల్లబడటం నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున సాగాలి. వేగం ఎక్కువైతే కణం లోపలే మంచు సూదులు ఏర్పడతాయి. మరీ తక్కువైతే నీళ్లన్నీ బయటికి పోయి కణం ముడుచుకుని, ఉప్పు గాఢతకు చస్తుంది. ఐసోప్రొపనాల్ నింపిన ఫ్రీజింగ్ డబ్బాని మైనస్ 80లో రాత్రంతా ఉంచితే ఆ వేగం వస్తుంది. ఐదు వాడకాలకోసారి ఐసోప్రొపనాల్ మార్చండి, నీళ్లు పీల్చుకున్నాక అది ఆ వేగం ఇవ్వదు. డబ్బా లేకపోతే మందపాటి థర్మకోల్ పెట్టెలో దూది మధ్య పెట్టినా పని జరుగుతుంది, కాకపోతే ఒక్కో వైల్ ఒక్కోలా వస్తుంది.

మర్నాడో ఆ మర్నాడో ద్రవ నైట్రోజన్‌లోకి మార్చండి. మైనస్ 80లోనే ఆరు నెలలు వదిలేసిన వైల్స్ చాలా ల్యాబుల్లో దొరుకుతాయి, కరిగిస్తే సగం చచ్చే ఉంటాయి. ట్యాంకు మట్టం వారానికోసారి కొలబద్దతో చూసి రాయండి. ఏ పెట్టెలో ఏ గడిలో ఏముందో ఆ పటం కంప్యూటర్‌లో ఒకటి, ట్యాంకు పక్కన కాగితం మీద ఒకటి ఉండాలి. ఐదు వైల్స్ అసలు బ్యాంకు, వాటిని తాకొద్దు. మిగతా ఐదు రోజువారీ వాడకానికి.

వారం ఆగి, వాడకం వైల్స్‌లో ఒకటి కరిగించండి. బతుకు 80 శాతం పైన ఉండి మర్నాటికి బాగా అతుక్కుంటే బ్యాంకు నిలిచినట్టు. 50 కంటే తక్కువైతే మొత్తం బ్యాచ్ పారేసి మళ్లీ చేయండి. ఆ కరిగించిన ఫ్లాస్కుని రెండు వారాలు పెన్-స్ట్రెప్ లేకుండా పెంచండి. మందు కింద అణిగి ఉన్న బాక్టీరియా ఉంటే ఆ రెండు వారాల్లో బయటపడుతుంది.

ఫ్లాస్కు చెడిపోతే

బాక్టీరియా ఒక్క రాత్రిలోనే తెలుస్తుంది: మీడియా మసకబారి పసుపెక్కుతుంది, మైక్రోస్కోప్ కింద కణాల మధ్య ఖాళీలో సన్నటి మినుకు మినుకు. ఈస్ట్ అయితే గుండ్రటి మెరిసే పూసలు, పక్కన చిన్న మొగ్గలు, గొలుసులుగా ఉంటాయి. బూజు దారాల్లా పాకుతుంది. మొదటి రెండు రోజులు మీడియా రంగు మారదు కాబట్టి రంగు ఒక్కటే చూసేవాళ్లు దాన్ని పట్టుకోలేరు. అచ్చం బాక్టీరియాలా కనిపించే కణాల చెత్త కూడా ఉంటుంది. చెత్త ఉన్నచోటే కంపిస్తుంది, మర్నాటికి పెరగదు.

మైకోప్లాస్మా (అతి చిన్న బాక్టీరియా రకం) వీటిలాంటిది కాదు. మీడియా మసకబారదు, మామూలు మైక్రోస్కోప్‌కి కనిపించదు. దానికి కణకుడ్యం లేదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు, ఒళ్లు వంగే స్వభావం వల్ల 0.22 మైక్రాన్ ఫిల్టర్ దాటిపోతుంది. కణాలు కాస్త మందగిస్తాయి, ట్రాన్స్‌ఫెక్షన్ పడిపోతుంది, ఎంటీటీ అంకెలు రోజుకోలా వస్తాయి. విద్యార్థి మందు మోతాదుని అనుమానిస్తూ నెలలు గడుపుతాడు. అది వచ్చే దారుల్లో ఒకటి మన నోరే. హుడ్ ముందు మాట్లాడకూడదన్న నియమం దానికోసమే. రెండోది, అతి మామూలుది, పరీక్ష చేయని పక్క ల్యాబు ఫ్లాస్కు.

పరీక్షకు మందు లేని మీడియాలో మూడు నాలుగు రోజులు పెంచి, బాగా నిండిన ఫ్లాస్కు నుంచి 1 మి.లీ. పై మీడియా తీయండి. 95 డిగ్రీల్లో 5-10 నిమిషాలు ఉడికించి, కాసేపు తిప్పి, పైదాంట్లో 2 మైక్రోలీటర్లతో 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువుకు పీసీఆర్ పెట్టండి. పాజిటివ్ కంట్రోల్, నీళ్ల కంట్రోల్ రెండూ ఉండాలి. శాంపిల్‌లో పాజిటివ్ డీఎన్‌ఏ కొంచెం కలిపిన ట్యూబు ఒకటి అదనంగా పెట్టండి. అందులో కూడా బ్యాండు రాకపోతే మీడియాలోని ఏదో పదార్థం పీసీఆర్‌ని ఆపుతోంది, మీ నెగెటివ్ నెగెటివ్ కాదు. పీసీఆర్ లేని చోట డీఎన్‌ఏకి అంటే హోక్స్ట్ రంగు వేసి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్‌లో చూడొచ్చు. కేంద్రకం బయట కణం మీద ధూళిలా చుక్కలు మెరిస్తే అదే. కొత్త కణాలు వచ్చిన రోజు, బ్యాంకు చేసిన రోజు, ఆ తర్వాత రెండు నెలలకోసారి ఈ పరీక్ష చేయండి. ఫలితం వచ్చేదాకా కొత్త ఫ్లాస్కుని వేరే ఇంక్యుబేటర్‌లో ఉంచాలి. ఒక్కటే ఉంటే అడుగు అరలో, మూత బిగించి, రోజూ అన్నింటికంటే ఆఖరున పట్టుకోవాలి.

చెడిన ఫ్లాస్కు మూత తీసి చూడాలని అనిపిస్తుంది గానీ, బూజు పట్టినదాన్ని అసలు తెరవకుండా ఆటోక్లేవ్ సంచిలో వేయడమే మంచిది. మిగతావాటిలో బ్లీచ్ పదో వంతు అయ్యేలా పోసి అరగంట ఉంచి పారబోయండి. బ్లీచ్ పోసినదాన్ని మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టొద్దు, విషవాయువు వస్తుంది. యాంటీబయాటిక్‌తో మైకోప్లాస్మాని కడిగి కాపాడటం సాధ్యమే, రెండు వారాలు పడుతుంది, మళ్లీ తిరగబెట్టొచ్చు. ఇంకెక్కడా దొరకని లైన్ అయితేనే ఆ శ్రమ. హీలా, హెక్ 293లకు అక్కర్లేదు. ఆ రోజు తెరిచి ఉన్న మీడియా, పీబీఎస్, ట్రిప్సిన్ అన్నీ పారేయండి. హుడ్ కింది ట్రే ఎత్తి తుడవండి. ఇంక్యుబేటర్ అరలు ఆటోక్లేవ్ చేసి, నీళ్ల ట్రే మార్చండి. కొత్త సీసాలోంచి 5 మి.లీ. మీడియా కణాలేవీ లేకుండా ఉత్త ఫ్లాస్కులో పోసి మూడు రోజులు ఇంక్యుబేటర్‌లో పెట్టండి. అది తేటగా ఉంటే నైట్రోజన్ ట్యాంకు దగ్గరికెళ్లి వాడకం పెట్టెలో నుంచి ఒక వైల్ తీయండి.